దూపపెట్టి నుంచి ఫారం-బి దాకా: ఎండుకట్టె చరిత్ర

ఆగస్టు 9 వచ్చిందంటే మన సంచికల్లో జోడేఘాట్, రంప, చింతపల్లి పేర్లు తప్పకుండా కనిపిస్తాయి. కనిపించాలి కూడా. అయితే ఆ వ్యాసాల్లో భూమి గురించి ఉంటుంది, పోడు గురించి ఉంటుంది, తుపాకుల గురించి ఉంటుంది. పొయ్యి గురించి ఉండదు. పోడు నరకడం ఏడాదికి ఒకసారి వచ్చే పని. కట్టెకు పోవడం వారంలో మూడు నాలుగు రోజులు తప్పని పని, అదీ ఎక్కువగా ఆడవాళ్ళ పని. మరి అడవి గార్డుకు రోజూ ఎదురుపడింది ఎవరు? ఈసారి ఎండుకట్టె గురించి రాయాలని మేము అనుకోవడానికి కారణం ఇదే.

ముందు పని సంగతి చెప్పుకుందాం. ఆశ్రమ పాఠశాలల్లో, పట్నం హాస్టళ్ళలో పెరుగుతున్న మన పిల్లలకు ఇది ‘కట్టెలు ఏరుకోవడం’ అన్న ఒక్క మాటతో అయిపోతోంది. నిజానికి అందులో చాలా తెలివిడి ఉంది. చచ్చిన చెట్లన్నీ ఒకటి కావు. నేలకొరిగి ఒక వానాకాలం గడిచిన మానుకు చెద పడుతుంది. పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల పుచ్చిపోయి ఉంటుంది. అది మండదు, పొగ పెడుతుంది. నిలబడే ఎండిన చెట్టు సంగతి వేరు. గొడ్డలి వెనకవైపుతో తడితే ఖంగుమంటుంది. పచ్చి మిగిలి ఉంటే శబ్దం మొద్దుగా వస్తుంది. ఎండిన దాని బెరడు దానంతటదే ఊడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో కూడా అలాంటి మానును చీలిస్తే పైపొర తడిగా, నడిమి చేవ పొడిగా ఉంటుంది. వానాకాలంలో పొయ్యి వెలిగేది ఆ చేవతోనే.

అందనంత ఎత్తులో ఉన్న ఎండుకొమ్మను కొంకి కర్రతో లాగుతారు. కాలితో తొక్కి విరిచే పుల్లకు గొడ్డలి ఎత్తరు. లావు దుంగను నారవెంట చీలుస్తారు. కణుపు అడ్డం వస్తే దానితో కుస్తీ పట్టకుండా అలాగే తెచ్చేస్తారు, అది రాత్రంతా రాజుకుంటూ చలికి పనికొస్తుంది. ఏ కట్టె దేనికో కూడా లెక్క ఉంది. సండ్ర, చిరుమాను, నల్లమద్ది నిలకడగా మండి మంచి నిప్పు మిగుల్చుతాయి. తునికి చిటపటమని నిప్పురవ్వలు చిమ్ముతుంది, పసిపిల్లలు పొయ్యి దగ్గర ఉంటే పెట్టరు. బూరుగు, మోదుగు భగ్గున మండి చల్లారిపోతాయి. మోపు కట్టడానికి అడ్డతీగ నార, నెత్తిన చుట్టకుదురు. మగవాళ్ళు తెస్తే కావడి. ఇప్పపువ్వు ఏరే రోజులకూ తునికాకు కోసే రోజులకూ మధ్య దొరికిన తీరికలో కట్టె పోగు చేసుకుని, మృగశిర కార్తెకు ముందే చూరు కింద పేర్చుకోవాలి. ఆలస్యమైతే ఆ ఇంట్లో వానాకాలమంతా పొగే.

దీనికి డబ్బు లేదు, కానీ కట్టుబాటు ఉంది. మావైపు ఊళ్ళలో ఒకరు నరికి పోగుపెట్టి పైన రాయి ఉంచితే ఇంకొకరు ముట్టరు. ఇప్ప చెట్టు ఎండినా సరే, ఊరివాళ్ళను అడగకుండా గొడ్డలి వేయరు. రాత లేని ఈ కట్టుబాటును బయటివాళ్ళు ‘ఎవరిదీ కాని అడవి’ అనుకున్నారు. చిక్కంతా అక్కడ మొదలైంది.

ఇంగ్లీషు ప్రభుత్వంలో అందరూ అలా అనుకోలేదన్నది మనం గుర్తుపెట్టుకోవలసిన విషయం. ఏదో ఒక ఊరి పొలిమేరలోకి రాని అడవి మద్రాసు రాజధానిలో దాదాపు లేదని, టేకు, చందనం లాంటి వాటి మీద రాబడి తప్ప సర్కారు ఇటీవలి దాకా అడవిపై యాజమాన్యం చూపించుకోలేదని 1871లో మద్రాసు రెవెన్యూ బోర్డే వాదించింది. ఆ తగవు వల్లే 1878 నాటి భారత అటవీ చట్టం మద్రాసుకు వర్తించలేదు, 1882లో వేరే చట్టం వచ్చింది. కానీ చివరికి జరిగింది అదే. ఒక ప్రాంతాన్ని రిజర్వు చేస్తున్నామని ప్రకటన వేస్తారు. కొద్ది నెలల గడువులో హక్కు ఉన్నవాళ్ళు వచ్చి చెప్పుకోవాలి. చెప్పుకోని హక్కు రద్దవుతుంది. కొండమీది గూడేనికి ఆ ప్రకటన ఎలా చేరుతుంది? చేరినా, ఎండుపుల్ల ఏరుకోవడం ‘హక్కు’ అని అధికారి ముందుకు వెళ్ళి చెప్పుకోవాలని ఎవరికి తోస్తుంది? గాలి పీల్చడానికి అర్జీ పెట్టమన్నట్టుంది ఆ మాట. అలా ఎండుకట్టె మన హక్కుల జాబితా నుంచి జారి, సర్కారు దయతో ఇచ్చే ‘రాయితీల’ జాబితాలో పడింది. రాయితీని ఇచ్చినవాడు ఎప్పుడైనా తీసేసుకోవచ్చు.

అంతకు కాస్త ముందే, 1879లో రంప ప్రాంతం తిరగబడింది. దానికి మన్సబుదారు పీడన ఉంది, ఇంకా ఎన్నో కారణాలున్నాయి. వాటిలో మన కంటికి ఆనవలసింది చిగురుపన్ను, అంటే చెట్టు నుంచి దింపుకునే కల్లు మీద పన్ను. ఎవరూ నాటనిదీ, ఎవరూ అమ్మనిదీ అయిన దానిమీద పన్ను వేయవచ్చన్న ఆలోచనే మనవాళ్ళకు కొత్త. కల్లు మీద వేసినవాడు కట్టె మీద వేయడా?

వేశాడు. ఆదిలాబాద్ అడవుల్లో, నిజాం పాలనలో దానికి పేరు కూడా ఉంది. పశువుల మేతకు వసూలు చేసింది బంబ్రం. వంట చెరుకుకు వసూలు చేసింది దూపపెట్టి. కుమ్రం భీం పోరాటం గురించి చెప్పేటప్పుడు ‘జల్, జంగల్, జమీన్’ అని మూడు మాటల్లో ముగించడం మనకు అలవాటైంది. ఆ జంగల్ అన్న మాటలో ఈ రెండు పన్నులూ ఉన్నాయని పిల్లలకు విడమరిచి చెప్పాలి. జోడేఘాట్, బాబేఝరి, పట్నాపూర్ మొదలైన పన్నెండు గూడేల స్వాధీనం కోసం సాగిన ఆ పోరాటం భూమి పట్టాల దగ్గరే మొదలు కాలేదు. మేత మేసిన ఆవు, మోసుకొచ్చిన మోపు కూడా దానికి కారణాలే. 1940లో జోడేఘాట్ గుట్టల్లో భీం నేలకొరిగాడు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడికి వెళ్ళేవాళ్ళలో ఎంతమందికి దూపపెట్టి అన్న మాట తెలుసో మాకు అనుమానమే.

పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌తో గోండుల పరిస్థితిపై అధ్యయనం చేయించింది. రిజర్వు గీతలు గీసి ఊళ్ళను ఖాళీ చేయించిన తీరు, కిందిస్థాయి అటవీ సిబ్బంది సాగించిన వసూళ్ళు ఆయన రాతల్లోకి ఎక్కాయి. దాని ఫలితంగా మార్లవాయి బడి వచ్చింది, 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. భూమి విషయంలో మేలు జరిగింది. కట్టె సంగతి మాత్రం కాగితం మీద పెద్దగా మారలేదు. 1967లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల పాత అటవీ చట్టాలు పోయి ఒకే ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చినా, రిజర్వు అడవిలో అనుమతి లేకుండా ఏది ముట్టినా నేరమన్న మూలసూత్రం అలాగే ఉంది. రోజువారీ బతుకులో ఆ సూత్రం ఎలా అమలయ్యేదో మన పెద్దవాళ్ళను అడగండి. మోపుకు ఒక కోడి, దసరాకు కాస్త నెయ్యి, బీటు మారి కొత్తవాడొస్తే మళ్ళీ మొదటి నుంచి. అది రసీదు లేని దూపపెట్టి. గొడ్డలి లాక్కుంటే దాన్ని విడిపించుకోవడానికి రెండు రోజుల కూలి పోయేది. గొడ్డలి కమ్మరి చేసిచ్చింది, దాని కామ ఇంటాయన చెక్కుకున్నది. చాలా ఇళ్ళలో ఇప్పటికీ చెప్పుకునేది ఆ అవమానం గురించే, డబ్బు గురించి కాదు.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. అడవికి చచ్చిన చెట్టు కూడా అవసరమే. తొర్రలో గుడ్లగూబ ఉంటుంది, వడ్రంగిపిట్ట ఉంటుంది, తేనెటీగలుంటాయి. పుచ్చిన మాను మట్టిలో కలిసి పైమొక్కకు ఎరువవుతుంది. చెట్టు చుట్టూ బెరడు చెక్కి, ఎండేదాకా ఆగి, ‘ఎండుచెట్టే కదా’ అని నరికే పని అక్కడక్కడా జరుగుతూనే ఉంది. దాన్ని సమర్థించనక్కర్లేదు. కానీ నెత్తి మీద మోపునూ, లారీనీ ఒకే తప్పు కింద రాయడం ఏ న్యాయం? జంగారెడ్డిగూడెం వైపు పొగాకు బ్యారన్లు ఏ కట్టెతో నడుస్తున్నాయో ఎవరికి తెలియదు! ఇంటి పొయ్యికి కట్టె తెచ్చే మనిషి ఒంటి బలమే ఆ కట్టెకు హద్దు. మోయగలిగినంతే తెస్తుంది.

చట్టం ఆ తేడాను చాలాకాలం చూడలేదు. 1992 నుంచి వచ్చిన వన సంరక్షణ సమితుల్లో ఎండుకట్టె మళ్ళీ ‘సభ్యులకు ప్రయోజనం’ రూపంలో కనిపించింది, హక్కు రూపంలో కాదు. 1999లో దీపం పథకం గ్యాస్ పొయ్యిలు తెచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది. పొగ తగ్గడం మంచిదే, కళ్ళకూ ఊపిరితిత్తులకూ మేలు. కానీ సిలిండరు నింపుకోవడానికి డబ్బు కావాలి, బండి గూడెం దాకా రావాలి. నాగోబా జాతరకు కేస్లాపూర్‌లో మెస్రం వంశం వాళ్ళ వంట ఈనాటికీ 22 పొయ్యిల మీదే. వాటికి సిలిండరు ఎవరు తెస్తారు?

2000 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఉత్తర్వు ఇంకా సూటిగా తగిలింది. జాతీయ పార్కుల్లో, అభయారణ్యాల్లో చచ్చినవీ, చస్తున్నవీ, గాలికి పడినవీ అయిన చెట్లను, గడ్డిని కూడా తొలగించవద్దని అందులో ఉంది. కోర్టు దృష్టిలో ఉన్నది బహుశా కలప వ్యాపారం. కింద మాత్రం అది మోపుల దాకా వచ్చింది. కవ్వాల్ అభయారణ్యంలో ఎన్ని గూడేలున్నాయో, నల్లమలలో ఎన్ని చెంచు పెంటలున్నాయో లెక్కపెట్టి చూస్తే దాని బరువు తెలుస్తుంది.

ఆరేళ్ళకు, 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. మొదటిసారిగా ‘చారిత్రక అన్యాయం’ అన్న మాటను పార్లమెంటు ఒప్పుకున్న చట్టం అది. అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా దాని పరిధిలోకి వస్తాయి. చిన్నతరహా అటవీ ఫలసాయంపై యాజమాన్యం మనదేనంది. ఆ ఫలసాయం నిర్వచనాన్ని మీరు ఒకసారి చదవాలి. వెదురు, తేనె, లక్క, తునికాకు, దుంపలతో పాటు కంప, మోళ్ళు అని కూడా ఉంది. ‘వంట చెరుకు’ అన్న మాట విడిగా లేదు. అయితే ఆ జాబితా ‘ఇలాంటివి’ అంటూ ముగుస్తుంది కనుక ఎండుకట్టెను అడగడానికి చోటుంది. అడిగితేనే సుమా. 1882లో అడగనందుకే పోయింది.

అడిగే కాగితం ఫారం-బి. ఊరి ఉమ్మడి హక్కులు రాసేది అందులోనే. మేము చూసిన కొన్ని దరఖాస్తుల్లో తేనె ఉంది, వెదురు ఉంది, తునికాకు ఉంది, చేపలున్నాయి, దేవుడి గుట్ట ఉంది. ఎండుకట్టె లేదు. రాసినవాళ్ళు మగవాళ్ళు, డబ్బు వచ్చే వస్తువులే గుర్తొచ్చాయి. అటవీ హక్కుల కమిటీలో మూడో వంతు ఆడవాళ్ళుండాలని నిబంధన ఉన్నది ఇలాంటి చోటికే. సాక్ష్యాల జాబితాలో పాత రికార్డులే కాదు, దరఖాస్తుదారులు కాని ఊరి పెద్దల మాటను రాతలో పెట్టినా చెల్లుతుంది. ఏ వాగు పక్కన ఏ గాలివానకు ఏ మద్దిచెట్టు పడిందో, దాన్ని ఎవరెవరు ఎన్నాళ్ళు తెచ్చుకున్నారో వరసగా చెప్పగల ముసలమ్మలు ప్రతి గూడెంలోనూ ఉన్నారు. వాళ్ళ మాట రాసి, వేలిముద్ర వేయించి, ఫారం-బికి జతచేయండి.