కాముడు కాలితేనే వసంతం

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దల మాట. ఆ పోయే చలిని ఉత్తర తెలంగాణ పల్లె పక్షం తిరగగానే మంట వేసి మరీ సాగనంపుతుంది. అదే కాముని పున్నమి.

మంచిర్యాల పక్కనున్న శ్రీరాంపూర్‌ పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది సింగరేణి గనులు. కానీ ఫాల్గుణం వచ్చిందంటే ఈ గోదావరి పరిసరాల్లో బొగ్గు నలుపును మించి కనబడేది మోదుగు ఎరుపే. ఆకులన్నీ రాలిన కొమ్మల మీద పూలు మంటల్లా విరగబూస్తాయి. కాముణ్ని కాల్చే రోజులు దగ్గరపడ్డాయని క్యాలెండర్ కంటే ముందు చెప్పేది ఆ చెట్టే.

పున్నమికి కొన్నాళ్ల ముందు నుంచే పిల్లలు కోలలు పట్టుకుని ఇంటింటికీ జాజిరి ఆడేవారు. వాకిట్లో కోలలు కొడుతూ పాడితే ఆ ఇంటివాళ్లు వడ్లో, జొన్నలో, నాలుగు పైసలో పెట్టి పంపేవారు. ఇక కాముని కట్టెల వేట వేరు. పాత నాగలి ముక్క, విరిగిన తలుపు, పిడకల కుప్ప, ఏది దొరికినా పిల్లలు రాత్రికి రాత్రే మాయం చేసేవారు. ఆ దొంగతనానికి శిక్ష లేదు. శివుడి మూడో కంటి మంటకు కాముడు, అంటే మన్మథుడు, బూడిదైన కథ పురాణాలది. ఊరికి మాత్రం అది ఏడాది పాతనూ పీడనూ కలిపి కాల్చేసే మంట. అందుకే తెల్లారి ఆ బూడిదను నొసట పెట్టుకుంటారు.

నిజామాబాద్ జిల్లా బోధన్ దగ్గరి హున్సాలో పీడ పోవాలన్న ఈ నమ్మకం మరీ గట్టిది. హోలీ సాయంత్రం ఊరివాళ్లు రెండు జట్లుగా నిలబడి, మధ్యన కట్టిన తాడు పట్టుకుని కొన్ని నిమిషాలు పిడిగుద్దులు కురిపించుకుంటారు. ఆట ఆగగానే ఒకరినొకరు అలాయ్ బలాయ్ చేసుకుంటారు. ఆట జరగని ఏడు ఊరికి అరిష్టమని వాళ్ల భయం. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఇదే పున్నమి దురాడి పండుగ. అక్కడా మంటే ముఖ్యం.

ఋతువు మారేవేళ చెడును తరమాలన్న ఆరాటం మన ఒక్కరిదే కాదు. జపాన్‌లో ఫిబ్రవరి 3 ప్రాంతంలో సెత్సుబున్ నాడు వేయించిన సోయా గింజలు విసిరి దయ్యాలను బయటికి తరిమి, అదృష్టాన్ని లోపలికి పిలుస్తారు. వయసెంతో అన్ని గింజలు తింటారు. గుమ్మానికి సార్డిన్ చేప తల కడతారు. అక్కడి రాజాస్థానంలో ఇలాంటి దయ్యాలను తరిమే తంతు 706లోనే జరిగినట్టు నమోదై ఉంది.

మన దగ్గర ఫాల్గుణ వేడుకకు ఆధారం ఇంకా పాతది. శాతవాహన రాజు హాలుడి పేరున్న గాథాసప్తశతిలో ఫాల్గుణ ఉత్సవంలో బురద చల్లుకున్న ముచ్చట ఉంది. ఆ వంశపు తొలి రాజు సిముకుని నాణేలు దొరికిన కోటిలింగాల ఇదే గోదావరి ఒడ్డున, శ్రీరాంపూర్‌కు ఎగువన ఉంది. తర్వాత కొండవీటి రాజు కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలు జరిపి వసంతరాయలని పేరు పొందాడు. ఆయన కథను 1957లో కర్పూర వసంతరాయలు కావ్యంగా రాసిన సి. నారాయణరెడ్డి వేములవాడ దగ్గరి హనుమాజీపేట బిడ్డ కావడం ఈ ప్రాంతానికి గర్వకారణం.

పల్లె వసంతానికి కర్పూరంతో పనిలేదు. కోసుకొచ్చిన మోదుగు పూలను కుండలో రాత్రంతా నానబెడితే, లేదా పొయ్యి మీద మరిగిస్తే పసుపు కలిసిన ఎరుపు దిగుతుంది. చిటికెడు సున్నం వేస్తే ఆ రంగు ఇంకా చిక్కనవుతుంది. ఒంటిని మండించదు. పిల్లల మెడలో చక్కెర పేర్ల దండ, ఒంటి మీద మోదుగు నీళ్లు ఉంటే పండుగ వచ్చినట్టే.

ఇప్పుడు ఆ చోటును ప్యాకెట్ రంగులు ఆక్రమించాయి. ఒంటికి పట్టిన ఆ రంగు వదిలించుకోవడానికే సగం రోజు పోతోంది. జాజిరి పాటలు తెలిసిన అవ్వలు ఇంకా చాలా ఊళ్లలో ఉన్నారు. ఈ ఫాల్గుణంలో వాళ్ల పక్కన కూర్చుని ఆ పాటలను ఫోనులో రికార్డు చేయండి, పిల్లలకు నేర్పించండి. పున్నమి ముందురోజు నాలుగు దోసిళ్ల మోదుగు పూలు నానబెట్టండి.