చెరువే సముద్రమైన చోట

ఉత్తర తెలంగాణ పల్లెల్లో మేకపోతును కోయాలంటే ముందు ముల్లాకు కబురు వెళ్లేది. పెండ్లి విందైనా, పండుగైనా చాలా ఊళ్లలో అదే పద్ధతి. ఆయన వచ్చి బిస్మిల్లా అని కత్తి పెట్టాకే తక్కిన పని. హలాల్ అన్న అరబ్బీ మాట అలా ముస్లిం ఇళ్ల గడప దాటి తెలంగాణ తెలుగులో కలిసిపోయింది. "హలాల్ చేసుడు" అంటే ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. అయితే అదే ఊళ్లో చెరువు కట్ట మీద గంగపుత్రుడు వల దులిపి చేపలను గంపలో పోస్తే, ఆ గంప ఎవరి వాకిట్లో దిగినా ముల్లాతో పని పడలేదు. పట్టింది ఎవరు, కోసింది ఎవరు అన్న ప్రశ్న చేప దగ్గర పుట్టదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల తిండి చరిత్రలో ఈ చిన్న సంగతికి పెద్ద చోటే ఉంది. మూడు చోట్లా ముస్లిం బస్తీలు పాతవి. జగిత్యాలలో నక్షత్రాకారంలో కట్టిన కోట 18వ శతాబ్దం నాటి నవాబుల గుర్తు. ఆ బస్తీల వంటింటికీ చుట్టుపక్కల చెరువులకూ నడుమ బంధం కలిపినవారు గంగపుత్రులు, ముదిరాజులు. బెస్తవాళ్లని, తెనుగోళ్లని ఊళ్లో పిలిచేది వీళ్లనే.

ఇస్లాం ధర్మశాస్త్రంలో చేపకు జబహ్, అంటే దేవుని పేరు పలికి కోయడం, అక్కరలేదు. ఖురాన్ ఐదో అధ్యాయం మాయిదాలో నీటి వేటకు అనుమతి ఉంది. చేపను పట్టినవాడు ఏ మతం వాడైనా అది హలాలే. తెలంగాణ ముస్లింలలో ఎక్కువ మంది పాటించే హనఫీ సంప్రదాయం మాత్రం ఒక మెలిక పెట్టింది. ఏ కారణమూ లేకుండా దానంతట అదే చచ్చి, వెల్లకిలా నీటి మీద తేలిన చేపను తినకూడదు. దాన్ని తాఫీ అంటారు. ఫ్రిజ్, ఐసు ఊహకైనా అందని రోజుల్లో, ఎండాకాలపు చెరువు పక్కన బతికే మనిషికి ఇంతకన్నా మంచి జాగ్రత్త ఏముంటుంది? తాజాదనం వేరు, హలాల్ వేరు కాకుండా రెండూ ఒకే నియమంలో ఇమిడిపోయాయి.

సముద్రం ఇక్కడికి దగ్గర కాదు. జగిత్యాల నుంచి ఏ దిక్కుకు నడిచినా తీరం 300 కిలోమీటర్లకు పైనే. అందుకే ఇక్కడి జనానికి చెరువే సముద్రం. జగిత్యాల పక్కనే ఉన్న పొలాస, కాకతీయుల చేతికి రాకముందే ఒక రాజ్యానికి రాజధాని. పొలవాసగా పేరున్న ఆ రాజ్యపు పాలకులను కాకతీయ రుద్రదేవుడు ఓడించిన సంగతి 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనంలో ఉంది. రాజ్యాలు మారినా వాన నీటిని కట్ట వేసి ఆపుకొనే విద్య మాత్రం చేతులు మారుతూ నిలిచింది. చెరువు ఉన్నచోట తూము, తూము కింద వరి, నీళ్లలో చేప. అన్నమూ కూరా రెండూ ఆ కట్ట దగ్గరే పుట్టేవి. జగిత్యాల పట్టణానికి చింతకుంట, కండ్లపల్లి చెరువులు, సిరిసిల్లకు మానేరు వాగు, ధర్మపురి వైపు గోదావరి ఆధారం. నిజాం కాలంలో నర్మాల దగ్గర కట్టిన ఎగువ మానేరు ఆ వరుసలో తొలి పెద్ద జలాశయం.

ఈ నీళ్లలో దొరికే చేపల పేర్లు వింటేనే ఒక వల విప్పినట్టుంటుంది. రవ్వ, బొచ్చె, మోసు, వాలుగ, జెల్ల, బొమ్మె, గుప్పెడు గుప్పెడుగా అమ్మే పరకలు. అన్నిటికీ పైన కొర్రమట్ట. 2016లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. కోస్తాలో కొరమేను, హైదరాబాదు ఉర్దూలో మరల్. కొర్రమట్టకు అంత గౌరవం ఒక్క రుచి వల్లే రాలేదు. అది మొప్పలతో పాటు నేరుగా గాలిని కూడా పీల్చుకోగలదు. కాసిని నీళ్లున్న కుండలో వేసినా, తడి గోనెలో చుట్టినా గంటల తరబడి బతికే ఉంటుంది. పల్లె నుంచి పట్నం దాకా కాలినడకన తెచ్చి, కొనేవాడి కళ్ల ముందు కదులుతుండగా అమ్మగలిగిన చేపల్లో ముందుండేది అదే. బండ మీద బూడిదతో రుద్ది జిగురు వదలగొట్టాక దాని నల్లటి వీపు మెరుస్తుంది. ముండ్లు తక్కువ కనుక పిల్లలకు, బాలింతలకు దాన్నే పెడతారు.

వండే తీరులో ఇల్లిల్లూ వేరు. తెలుగింటి చేపల పులుసులో చింతపండు రసం, మెంతులు, ధనియాలు, వేయించిన ఉల్లిగడ్డ ముద్ద. ముస్లిం ఇంటి మచ్చీ కా సాలన్‌లో వేయించి నూరిన నువ్వులు, పల్లీలు, కొబ్బరి కలుస్తాయి, గ్రేవీ చిక్కబడుతుంది. రెంటికీ ప్రాణం చింతపండే. దక్కను గాలి సోకని చోట ఈ పులుపు ఇలా కుదరదు. పొయ్యి దించిన వెంటనే కాక, రాత్రంతా కుండలో ఊరాక మర్నాడు పొద్దున తింటేనే దాని అసలు రుచి తెలుస్తుందన్న మాట దగ్గర రెండు వంటిళ్లూ కలుస్తాయి.

ఏటా జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది. రోహిణి ఎండలు వెనకబడి, తొలి చినుకులు పడే వేళ ఆ రోజు చేప తినాలన్నది తెలంగాణ అంతటా ఆనవాయితీ. హైదరాబాదులో బత్తిని కుటుంబం 1845 నుంచి ఇస్తున్నామని చెప్పే చేప మందు కూడా ఆ రోజుదే. బతికి ఉన్న చిన్న కొర్రమట్ట నోట్లో మందు పెట్టి ఉబ్బసం రోగి చేత మింగిస్తారు. జగిత్యాల, సిరిసిల్ల అంగళ్లలో ఆ పొద్దున చేపల గంపల దగ్గర టోపీలు, తలపాగలు, కొంగులు అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ధర మామూలు రోజు కన్నా ఎక్కువే పలుకుతుంది, అయినా ఉత్త చేతులతో ఇంటికి వెళ్లేవాళ్లు తక్కువ. దీనికి ఇంకో పక్క కూడా ఉంది. తొలి వానలకు మత్తడి దూకే నీటికి ఎదురెక్కే చేపల్లో చాలా వాటి కడుపు నిండా గుడ్లుంటాయి. పండుగ కొనసాగాలన్నా ఆ గుడ్లలో కొన్ని చెరువులో మిగలాలి. పాత వలకారులు ఈ మాట ఎరుగుదురు. కొనేవాళ్లూ ఎరగడం మంచిది.

మరి అసలు సముద్రపు తిండి ఈ పట్టణాలకు ఎప్పుడొచ్చింది? ఎండిపోయి వచ్చింది. కోస్తా తీరంలో ఇసుక మీద ఆరబెట్టిన ఉప్పు చేపలు, ఎండు రొయ్యలు మూటలుగా వారపు సంతలకు చేరేవి. చింతచిగురులోనో, వంకాయలోనో గుప్పెడు ఎండు రొయ్యలు వేస్తే కూలి ఇంట్లో ఆ పూట పండుగ. జొన్నరొట్టెకు జత కుదిరే కూర. సముద్రం ఎట్లుంటదో చూడని మనుషులకు దాని వాసన మాత్రం తరతరాలుగా తెలుసు.

సముద్రాన్ని కళ్లతో చూపించింది వలస. "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అన్న మూడు ముక్కల్లో ఉమ్మడి కరీంనగర్ జిల్లా మగవాళ్ల చరిత్రంతా ఉంది. సిరిసిల్ల పద్మశాలీలు భివండీ మగ్గాల మీదికి వెళ్లారు. 1970ల చమురు గిరాకీతో జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ఊళ్ల నుంచి గల్ఫ్ దారి తెరుచుకుంది. అక్కడ కూలి గదుల్లో పది మందికి ఒక గిన్నె. సెలవు నాడు కొన్న చేపకు పేరు హమ్మూర్. పెద్ద హోటళ్లలో ఖరీదుగా అమ్మే ఆ సముద్రపు చేపను తెలంగాణ కూలీలు చింతపులుసు పోసి వండుకున్నారు. ఊరికి తిరిగొచ్చినవాళ్లు అత్తరు సీసాలు, ఖర్జూరాలతో పాటు ఒక కొత్త నాలుకను కూడా తెచ్చుకున్నారు. ఇప్పుడు ఈ పట్టణాల్లో కనిపించే మండీ హోటళ్ల వెనక ఆ నాలుక ఉంది. మండీ యెమెన్ వంట. నిజాం సైన్యంలో చేరిన అక్కడి హద్రమౌత్ ప్రాంతపు అరబ్బుల వారసులుండే హైదరాబాదు బార్కస్‌లో పాతుకొని, అక్కడి నుంచి జిల్లాలకు పాకింది. నేల మీద పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని, అన్నం మీద కాల్చిన చేప పెట్టుకొని తినే దృశ్యం ఇక్కడి పాత తరానికి పరిచయం లేనిది.

సముద్రపు తిండి దగ్గర హలాల్ నియమం అన్ని చోట్లా ఒకటి కాదు. దక్షిణ థాయిలాండ్ తీరంలో పత్తానీ, సతూన్ లాంటి చోట్ల ముస్లింలు ఎక్కువగా షాఫియీ అనే మరో సంప్రదాయం వారు. వాళ్లకు పీత, రొయ్య, గవ్వ చేప ఏదైనా హలాలే. కేరళ మాపిళ్లలకూ అంతే. హనఫీలకు నీటి జీవుల్లో చేప ఒక్కటే సమ్మతం, పీత కుదరదు. నడుమ చిక్కుకున్నది రొయ్య. అది చేపా కాదా? శతాబ్దాలుగా పండితులు వాదించుకున్న ప్రశ్న ఇది. 2018 జనవరి మొదట్లో హైదరాబాదులోని జామియా నిజామియా, రొయ్య చేప జాతి కాదు కనుక దాన్ని తినడం తగదని ఫత్వా ఇచ్చింది. 1876లో మొదలైన ఆ విద్యాసంస్థ మాటకు దక్కనులో బరువుంది. తినవచ్చన్న పండితులూ వెంటనే మాట్లాడారు. దక్కనీ ఇళ్లలో జీంగా, అంటే రొయ్య, తరాలుగా వండుకున్న కూర కాబట్టి చర్చ మసీదు నుంచి వంటింటి దాకా నడిచింది. తేల్చుకోవలసింది తినేవారే. ఆతిథ్యం ఇచ్చే హిందూ ఇల్లు మాత్రం వచ్చిన మిత్రుణ్ణి ముందే ఒక మాట అడిగి వండటం మర్యాద.

ఇంతలో చెరువు లోపల కూడా కాలం మారింది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి బృందం సూదిమందుతో చేపల చేత గుడ్లు పెట్టించింది. నదిలో పిల్లలను వెతుక్కునే అవసరం తీరి, హేచరీల యుగం మొదలైంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు పూర్తయ్యాక కాకతీయ కాలువ నీళ్లు జగిత్యాల ప్రాంతపు చెరువులకు అందాయి. 2016-17లో రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలు వదలడం మొదలుపెట్టింది. ఎక్కువగా బొచ్చె, రవ్వ, మోసు. తర్వాత మంచినీటి రొయ్య పిల్లలు కూడా. సిరిసిల్ల దగ్గర మధ్య మానేరు నిండింది. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి లాంటి ఊళ్లు మునిగి, వాటి పొలాల మీద ఇప్పుడు వలలు పడుతున్నాయి.

చేప పెరిగింది, నిజమే. కానీ తీరు మారింది. బొచ్చె పిల్లలను మింగేస్తాయని కొర్రమట్టనూ వాలుగనూ పెంపకందారులు శత్రువుల్లా చూస్తారు. పురుగుమందులు కలిసిన పొలం నీళ్లు పరకలకు పడవు. రాష్ట్ర చేప అన్న పేరున్న జీవి ఊరి చెరువులో అరుదైపోవడం బాధాకరం. మరో వైపు కోస్తా ఆంధ్రలోని కైకలూరు, ఆకివీడు చెరువుల్లో పెరిగిన చేప ఐసు పెట్టెల్లో రాత్రికి రాత్రే లారీ ఎక్కి వస్తోంది. దాన్ని తప్పు పట్టలేం, ధరకు అందుతుంది. అయితే తెల్లవారి కట్ట మీద దిగిన చేపకూ దానికీ తేడా మొప్ప ఎత్తి చూస్తే తెలుస్తుంది. ఎర్రగా తడిగా ఉంటే తాజాది, గోధుమ రంగు తిరిగి జిగటగా ఉంటే కాదు.

ఈ మూడు పట్టణాల్లో తాజా చేప తినాలనుకునేవారు హోటలు బోర్డు కన్నా ముందు వల ఎక్కడ పడుతోందో అడగండి. సిరిసిల్లలో మానేరు వైపు, జగిత్యాలలో చెరువు కట్టల వైపు పొద్దు పొడవక ముందే వెళ్లండి. ధర్మపురి దారిలో గోదావరి ఒడ్డు ఊళ్లున్నాయి. కొర్రమట్ట అయితే కదులుతుండగానే కొనండి. మీ ఊరి మత్స్య సహకార సంఘం పట్టినదైతే రెండు రూకలు ఎక్కువైనా బేరమాడకండి. చెరువుకు ఇంకా కాపలా ఉన్నది వాళ్లే.