ఇబీజా: ఉప్పుమళ్ళ దీవి, ఉత్సవాల దీవి

స్పెయిన్ దేశమునకు తూర్పున మధ్యధరా సముద్రమునందలి బెలియారిక్ ద్వీపములలో ఇబీజా ఒకటి. దాని వైశాల్యము సుమారు 570 చదరపు కిలోమీటర్లు. నేడు ఆ పేరు వినగానే లోకమునకు స్ఫురించునవి తెల్లవారులు సాగు నృత్యశాలలు. ఇబీజాకును, పొరుగు దీవి ఫర్మెంటేరాకును కలిపి ఏటేటా 30 లక్షలకు పైగా యాత్రికులు వచ్చుచున్నారు. ఆ రాత్రుల వెలుగుల వెనుక దీర్ఘమైన పగటి చరిత్ర కలదు. దానిని తెలిసికొన్నగాని ఈ దీవి నేటి చిక్కు మనకు బోధపడదు.

క్రీ.పూ. ఏడవ శతాబ్దమున ఫినీషియా వర్తకులు ఇచట రేవుపట్టణమును నెలకొల్పిరి. ఆనాటినుండి ఎందరు పాలకులు మారినను, ఈ దీవికి విలువ తెచ్చిన సరకులలో ముఖ్యమైనది ఉప్పు. దక్షిణపు పల్లపు నేలలో సముద్రపు నీటిని మళ్ళకు పెట్టి, వేసవి యెండకు ఎండనిచ్చి, పేరుకొన్న ఉప్పును కుప్పలు పోయుదురు. మన కోస్తాలో ఉప్పుమళ్ళను చూచినవారికి ఈ పద్ధతిని వివరింప నక్కరలేదు. 1235లో కాటలాను సైన్యములు దీవిని జయించిన పిమ్మట ఉప్పు రాబడిలో ద్వీపవాసులకును హక్కు ఏర్పడెను. పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున, వారసత్వ యుద్ధానంతరము, స్పెయిన్ రాచరికము ఆ హక్కును లాగికొనెను. 1871లో ఉప్పుమళ్ళు ప్రైవేటు యాజమాన్యమునకు అమ్ముడుపోయినవి. ఉప్పు పని మాత్రము నేటికిని సాగుచున్నది.

సంపద యున్నచోటికి దోపిడిగాండ్రు రాక మానరు. ఓడదొంగల భయమున పల్లెలలో చర్చీలనే మందపు గోడలతో కోటలవలె కట్టుకొనిరి. ఆపద వచ్చినపుడు జనము వానిలో తలదాచుకొనెడివారు. కొండపైనున్న పట్టణమునకు పదునారవ శతాబ్దమున కాల్వీ అను ఇటలీ ఇంజనీరు నమూనా ననుసరించి ప్రాకారములు లేచినవి. ఈ కోటపట్టణమును, ఫినీషియనుల శ్మశానవాటికను, సముద్రగర్భమునందలి పచ్చికబీళ్ళను యునెస్కో 1999లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించెను.

ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున ఇబీజా పేద దీవి. జీవనవ్యయము స్వల్పమగుటచేతనే జర్మను రచయిత వాల్టర్ బెన్యమిన్ 1932లోను, మరల 1933లోను వచ్చి ఇచట కొన్ని నెలలు గడపెను. 1936లో అంతర్యుద్ధము దీవిని రక్తసిక్త మొనర్చినది. 1959లో ఫ్రాంకో ప్రభుత్వము తన ఆర్థిక విధానమును సడలించిన పిమ్మట విదేశ యాత్రికుల రాక హెచ్చెను. ఆ తరువాతి దశాబ్దములో విమానములు దీవిని యూరపు నగరములకు చేరువ చేసినవి. హిప్పీలును వచ్చిరి. 1973లో పాచా అను నృత్యశాల ఇచట తెరువబడెను. అటుపిమ్మట అట్టివి మరికొన్ని వెలసినవి.

భాగ్యము తారుమారగుటను గూర్చి అచటివారు ఒక మాట చెప్పుకొందురు. పూర్వము పంటభూమి ఇంటి వారసునికి దక్కెడిది. ఇసుక, రాయి తప్ప మరేమియు లేని తీరపు నేల తక్కిన బిడ్డల పాలబడెడిది. హోటళ్ళ కాలము రాగా ఆ పనికిరాని నేలయే బంగారమైనదట.

అయితే ఆ బంగారమున అందరికిని పాలు లేదు. లక్షన్నరకు పైబడిన స్థిరనివాసుల నడుమ యాత్రికులకు అద్దె కిచ్చు ఇండ్లు పెరుగుటచే, కష్టించువానికి గూడు దొరకుట దుర్లభమైనది. వేసవి పనికై వచ్చిన వంటవారు, వడ్డనవారు, గదులు శుభ్రపరచువారు పలువురు బండ్లలోను, గుడారములలోను కాలము గడపుచున్నారు. ఉపాధ్యాయులు, వైద్య సిబ్బంది సైతము ఇల్లు దొరకక ఈ దీవిలో ఉద్యోగము చేపట్టుటకు వెనుకాడుచున్నారు. 2024 జులైలో అట్టి గుడారముల వాడ నొకదానిని అధికారులు ఖాళీ చేయింపగా సుమారు 200 మంది నిలువనీడ కోల్పోయిరి.

కాబట్టి ఇబీజాకు రెండు ముఖములున్నవని ఊరకుండుట చాలదు. రాత్రి విందునకు వచ్చిన అతిథికి పగలంతయు పడక అమర్చినది ఈ శ్రామికులే. ఓడదొంగలను ప్రాకారములు నిలువరింపగలిగినవి గాని అద్దెల పెరుగుదలను నిలువరింపజాలవు. దానికి కావలసినది న్యాయమైన పంపకము. ఉప్పు రాబడిలో సామాన్యునికి పాలుండవలెనన్న భావము ఈ దీవికి క్రొత్తది కాదు. ఉత్సవపు రాబడిలోను, దీవిపై నివసించు హక్కులోను వానికి పాలు దొరకునా అనునదే నేడు ఇబీజా ముందున్న ప్రశ్న.