పచ్చని ఆకే జబ్బు

అక్వేరియంలో మొక్కలు పెట్టిన ప్రతివాడూ అడిగే ప్రశ్న, "ఆకులెందుకండీ పసుపెక్కుతున్నాయ్?" అని. ముదురాకులు ముందు పండితే సాధారణంగా నత్రజని తక్కువ. లేతాకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. ఈ ఇనుము సంగతి ఫ్రాన్సులో 1840ల్లోనే తేల్చారు.

1850 ప్రాంతంలో లండన్ కెమిస్టు రాబర్ట్ వారింగ్టన్ గాజుతొట్టెలో రెండు గోల్డ్‌ఫిష్‌లు, ఓ వాలిస్నేరియా మొక్క వేశాడు. పాత ఆకులు కుళ్ళి నీళ్ళు మురికయ్యాయి. ఆయన మందులేం వెయ్యలేదు, నత్తల్ని వదిలాడు. అవి కుళ్ళంతా తినేశాయి, తొట్టె తేరుకుంది. (బగ్ ఫిక్స్ అంటే అదీ!)

అదే వాలిస్నేరియా మన ఉంగుటూరు పక్కనున్న కొల్లేట్లోనూ ఉంది. కాకపోతే అక్కడ కథ తిరగబడింది. పొలాల ఎరువులూ, చేపల చెరువుల మేతా, ఊళ్ళ మురుగూ తిని గుర్రపుడెక్క నిగనిగలాడుతుంది. దానికింద వెలుతురు లేక నీటిలోపలి మొక్కలు చస్తాయి. అంటే ఇక్కడ పచ్చని ఆకే జబ్బు లక్షణం!

1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ గుర్తింపొచ్చింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అది అవసరమే అంటాను, కూలి పోయినవాళ్ళ బాధ తెలిసీ. కానీ బుడమేరులో కొట్టుకొచ్చే బెజవాడ మురుగు మీద ప్రొక్లెయిన్ పనిచెయ్యదు కదా.