నీళ్ళపొయ్యి పెరడు దాటిన కథ

తెనాలిలో మా ఇంటి పెరట్లో, బావికీ స్నానాల దడికీ మధ్య మూడురాళ్ళ పొయ్యి ఉండేది. దాని మీద మసిబారిన కాగు. చలికాలం తెల్లవారుజామున మా నాయనమ్మ లేచి, తాటిమట్టలూ కొబ్బరిడొక్కలూ నాలుగు పిడకముక్కలూ పెట్టి రాజేసేది. మేం లేచేసరికి పెరడంతా పొగ. ఆ పొగ మంచులో కలిసి కొబ్బరిచెట్ల మీదుగా పోయేది. కళ్ళు మండేవి, దగ్గొచ్చేది, అంతకు మించి ఏమీ కాలేదు. స్నానానికి నీళ్ళు కాచుకుని ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చిందన్న మాట ఆ రోజుల్లో మా వీధిలో నేను వినలేదు.

గుంటూరులో మా మేనమామగారింట్లో రాగి బాయిలర్ ఉండేది. సెలవులకు వెళ్తే నా కళ్ళన్నీ దాని మీదే. నిలువెత్తు బిందెలా ఉండేది. అడుగున జల్లెడ, పక్కన కుళాయి, నట్టనడుమ కిందినుంచి పైదాకా ఒక గొట్టం. బొగ్గులూ చెక్కపేళ్ళూ పైనుంచి ఆ గొట్టంలోనే వేసేవాళ్ళు. మంట గొట్టంలో, నీళ్ళు గొట్టం చుట్టూ. ఒకరోజు ఏం జరుగుతుందో చూద్దామని ఆ గొట్టం మూతి మీద ఇత్తడి చెంబు బోర్లించాను. కాసేపటికి మంట ఎర్రబడి, కింది జల్లెడలోంచి నల్లటి పొగ వసారాలోకి తన్నుకొచ్చింది. అత్తయ్య పరిగెత్తుకొచ్చి చెంబు లాగేసి, "దాన్ని ఊపిరి తీసుకోనివ్వరా!" అని కేకేసింది. గ్యాస్ పనిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. అప్పటికి గ్యాస్ బండ ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు.

1981లో బెజవాడలో ఒక గ్యాస్ ఏజెన్సీలో హెల్పరుగా చేరాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ పనే చేశాను. పొయ్యిలు బాగుచెయ్యడం, రెగ్యులేటర్లు మార్చడం, 2000 దాటాక గోడకు తగిలించే గ్యాస్ గీజర్లు బిగించడం. వాటిలో ఒకటి తప్పు చోట బిగించాను. ఆ తప్పు జరిగాకే ఈ పెట్టె ఎక్కడిది, ఎవరు చేశారు, మనదాకా ఎలా వచ్చింది అని దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను.

గీజర్ అన్న మాట ఐస్‌లాండ్‌ది. అక్కడ నేలలోంచి మరిగే నీళ్ళు చిమ్మే ఊట ఒకటుంది, దాని పేరే గీసిర్. 1868లో లండన్‌లో రంగుల పని చేసుకునే బెంజమిన్ వాడీ మాగన్ అనే ఆయన నీళ్ళు అప్పటికప్పుడు వేడెక్కే యంత్రానికి పేటెంటు తీసుకుని ఆ పేరు పెట్టుకున్నాడు. కింద గ్యాస్ మంట, పైనుంచి చల్లనీళ్ళు. మంట సెగకు కాలిన తీగల మీదుగా నీళ్ళు జారి వేడిగా తొట్టిలో పడేవి. కాగు అక్కర్లేదు, కట్టెలు అక్కర్లేదు. చదువుతుంటే నాకు ముచ్చటేసింది. కాని ఆ యంత్రానికి పొగగొట్టం లేదు. కాలిన గాలి అంతా స్నానం చేసే మనిషి ఉన్న గదిలోకే. మా అత్తయ్య అక్కడ ఉంటే ఏమనేదో నాకు తెలుసు.

తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని బాగుచేశారు. నార్వేలో పుట్టి అమెరికా వెళ్ళిన ఎడ్విన్ రూడ్ 1889లో పిట్స్‌బర్గ్‌లో తనంతట తానే వెలిగి ఆరే హీటరు చేశాడు. జర్మనీలో హ్యూగో యుంకర్స్ 1895లో డెస్సావ్‌లో గ్యాస్ హీటర్ల కర్మాగారం పెట్టాడు. 1915లో మొత్తం లోహంతో విమానం చేసిన యుంకర్స్ ఈయనే. గ్యాస్ మండితే ఎంత వేడి పుడుతుందో కొలిచే పరికరం చేసి, ఆ తెలివినే నీళ్ళ హీటరుకు పెట్టాడు. 1932లో ఆ హీటర్ల వ్యాపారాన్ని బాష్ కంపెనీ కొనుక్కుంది. ఇవాళ మన గోడల మీద ఉన్న పెట్టె మూత విప్పి చూడండి. కింద వరసగా బర్నర్లు, పైన రాగి రేకుల మధ్య మెలికలు తిరిగిన రాగి గొట్టం కనిపిస్తాయి. మా మేనమామ బాయిలర్లో మంట గొట్టంలో, నీళ్ళు చుట్టూ. ఇందులో నీళ్ళు గొట్టంలో, మంట చుట్టూ. లోపలిది బయటికి తిప్పారు, అంతే.

ఆ దేశాల్లో అప్పటి గ్యాస్ బొగ్గు నుంచి తీసింది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ముందే కలిసి ఉండేది. గొట్టం కారినా చావే, సరిగ్గా మండకపోయినా చావే. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. 1896లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త బొగ్గుగనుల పేలుళ్ళలో పోయినవాళ్ళను పరీక్షించి, ఎక్కువమంది దెబ్బలకు కాదు, ఈ వాయువుకే పోయారని తేల్చాడు. గనిలోకి చిన్నపిట్టను తీసుకెళ్ళండి, మనిషి కంటే ముందు అది సోలిపోతుందని చెప్పాడు. బ్రిటన్ గనుల్లో ఆ కెనరీ పిట్టలు 1986 దాకా ఉన్నాయి. స్నానాలగదిలో మాత్రం పిట్ట ఉండదు.

ఇంకొకటి చెప్పాలి. 1968 మే 16న లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో ఒక వంటింట్లో గ్యాస్ అంటుకుని, ఆ మూల మొత్తం పైనుంచి కిందిదాకా కూలింది. నలుగురు పోయారు. ఆ పేలుడు గ్యాస్ పొయ్యి దగ్గర ఒక నట్టు విరగడంతో మొదలైంది. అది జరిగాక 1970లో గ్యాస్ బిగించేవాళ్ళకు అక్కడ ఒక రిజిస్టరు మొదలైంది. నట్టు బిగించిన చెయ్యి ఎవరిదో నమోదై ఉండాలన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది. నేను మాత్రం పాత మేస్త్రీల వెనక స్పానర్ల సంచి మోస్తూ నేర్చుకున్నాను. నన్నెవరూ పరీక్ష పెట్టి అడగలేదు.

మన దగ్గరికి గ్యాస్ బండగా వచ్చింది. 1955లో బర్మా షెల్ వాళ్ళు బొంబాయిలో మొదలుపెట్టారు. 1965లో కలకత్తాలో ఇండేన్ వచ్చింది. విశాఖలో 1957లోనే కాల్టెక్స్ రిఫైనరీ వెలిసింది, 1978లో హిందుస్తాన్ పెట్రోలియంలో కలిసింది. నేను పనిలో చేరినప్పుడు కనెక్షన్ కోసం ఏళ్ళు ఎదురుచూడాలి. ఎంపీ కోటా కూపన్ దొరికితే ఇంట్లో పండగే. అలాంటి గ్యాస్‌తో నీళ్ళు కాచుకోవడమంటే జనం నవ్వేవాళ్ళు. 1999లో దీపం పథకం వచ్చి పొదుపు సంఘాల ఆడవాళ్ళకు కనెక్షన్లు ఇచ్చారు. పట్నాల్లో ఇంటింటికీ రెండో సిలిండరు వచ్చింది. గీజర్ మన ఇళ్ళలోకి రావడానికి ఆ రెండో సిలిండరే దారి తీసిందని నా నమ్మకం. పైగా కరెంటు కోతలు, కరెంటు బిల్లులు. రెండు టార్చిలైటు బ్యాటరీలు వేస్తే టకటకమని వెలిగి నిమిషానికి ఆరు లీటర్ల వేడినీళ్ళిచ్చే పెట్టె చవగ్గా దొరుకుతుంటే ఎవరు వద్దంటారు?

బండ గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ లేదు. దానికి ఘాటైన వాసన కూడా కలుపుతారు, కారితే తెలియాలని. ఆ వాసనే మన జనానికి లేనిపోని ధైర్యం ఇచ్చింది. వాసన రాకపోతే ప్రమాదం లేదనుకున్నారు. కారే గ్యాస్‌కు వాసన ఉంటుంది, గాలి చాలక మండినప్పుడు పుట్టే విషానికి ఉండదు.

లెక్క చెబుతాను. ఆరు లీటర్ల గీజర్ గంటసేపు ఆపకుండా వెలిగితే దాదాపు కిలో గ్యాస్ కాలుతుంది. ఆ కిలో పూర్తిగా మండడానికి పన్నెండు ఘనమీటర్లకు పైగా గాలి కావాలి. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తు స్నానాలగదిలో ఉన్న గాలి మొత్తం తొమ్మిది ఘనమీటర్లు. తలుపు గడియపెట్టి పది నిమిషాలు స్నానం చేస్తే రెండు ఘనమీటర్ల గాలిలో ఉన్న ఆక్సిజన్ అయిపోయినట్టే. మనిషి ఊపిరి కూడా అదే గాలిలోంచి. నీలంగా ఉన్న మంట పసుపు తిరుగుతుంది, విషం అప్పుడు పుడుతుంది.

ఇదంతా 2006 కార్తీకంలో నాకు తెలియదు. బెజవాడ సత్యనారాయణపురంలో ఒక ఇంటికి గీజర్ బిగించడానికి పిలిచారు. వెనక గోడకు బయట పెడదామన్నాను. ఆ ఇంటాయన ఒప్పుకోలేదు. "బయట పెడితే ముందు చల్లనీళ్ళొస్తాయి మేస్త్రీ, గది లోపలే కుళాయి మీద పెట్టు, తిప్పగానే వేడిగా రావాలి" అన్నాడు. వెంటిలేటరు ఉంది కదా అని నేను సరేనన్నాను. నాలుగు ప్లగ్గులు దిగగొట్టి తగిలించేశాను. బండ కూడా గది గుమ్మం దగ్గరే పెట్టాను. కూలి తీసుకుని వచ్చేశాను.

వారం తిరక్కుండా చలి ముదిరింది. వెంటిలేటరులో పాత చీర కుక్కారు. ఆ ఇంటమ్మాయి ఇంటర్ చదివేది. కార్తీక సోమవారం ఉపవాసం, తలంటుకుని వచ్చి తల తిరుగుతోందంటే ఖాళీకడుపు అనుకున్నారు. తర్వాతి సోమవారం లోపల ధబ్బుమన్న చప్పుడు. అన్న తలుపు విరగ్గొట్టి బయటికి ఈడ్చుకొచ్చాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే మూర్ఛ అనుకుని తాళాల గుత్తి చేతిలో పెట్టారట. ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగిన మాట, "ఇంట్లో గ్యాస్ గీజర్ ఉందా?" అని. ఇలా స్నానాలగదిలో పడిపోయినవాళ్ళను మూర్ఛరోగులనుకుని మందులు వాడించడం మన దేశంలో చాలాచోట్ల జరిగిందని వైద్యులు తర్వాత రాశారు. ఆ డాక్టరుకు అప్పటికే తెలిసుండడం ఆ పిల్ల అదృష్టం, నా అదృష్టం. ఆక్సిజన్ పెట్టారు. బతికింది.

వాళ్ళు నన్ను తిట్టలేదు. "వచ్చి తీసెయ్యి బాబూ" అని ఆ తల్లి కబురు పంపింది. తీసెయ్యను, సరిగ్గా పెడతానమ్మా అన్నాను.

ఒక రోజంతా పట్టింది. వెనకవైపు సందులో, ఆకాశం కనిపించే గోడ మీద, కిటికీకి దూరంగా, కంటి ఎత్తున చోటు చూశాను. మంట కనిపించే చిన్న కన్ను మనిషి కంటికి ఎదురుగా ఉండాలి, రంగు మారితే తెలియాలి. వాన పడకుండా పైన రేకు దించాను, పొగ పోయే మూతికి అది అడ్డం రాకుండా. బండను కూడా సందులోనే నిటారుగా నిలబెట్టాను, దగ్గర్లో కాలవ గానీ గుంట గానీ లేని చోట. బండ గ్యాస్ గాలి కంటే బరువు, పల్లం వెతుక్కుంటుంది. దానికి వేరే రెగ్యులేటరు పెట్టాను. వంటింటి పైపుకు టీ వేసి అతుకు పెట్టలేదు. లోపల తీగ అల్లిక ఉన్న నారింజరంగు సురక్ష పైపు వేశాను. దాని మీద ముద్రించిన తేదీ వాళ్ళకు చూపించి, అయిదేళ్ళకు మార్చమని తలుపు వెనక బొగ్గుతో రాశాను. అతుకులన్నిటికీ సబ్బునురుగు పూసి బుడగలు లేవడం లేదని చూశాను. అగ్గిపుల్లతో చూసే మేస్త్రీలను నేనెరుగుదును. వాళ్ళలో ఒకాయన కనుబొమలు మళ్ళీ మొలవలేదు.

నీళ్ళ సంగతి ఒకటి మిగిలింది. ఈ పెట్టెలో గ్యాస్ తలుపు తెరిచేది నీళ్ళ ఒత్తిడే. ట్యాంకుకూ గీజర్‌కూ ఎత్తులో తేడా మరీ తక్కువైతే వెలగదు. వాళ్ళ ట్యాంకు డాబా మీద ఉంది, సరిపోయింది. పాత కంతల్లో సిమెంటు పెట్టి, వెంటిలేటరులోని చీర నేనే లాగేశాను. గీజర్ బయటికి వెళ్ళిపోయినా ఆ కంత అవసరమే. ఐఎస్ 15558 అని ఈ పెట్టెలకు మన దేశంలో ఒక ప్రమాణం ఉందని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటి నుంచి ఆ ముద్ర లేనిదాన్ని బిగించనని వెనక్కి తిరిగొచ్చిన ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళలో వేరే మేస్త్రీ బిగించాడు. ఆ బాధ నాకుంది.

గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల్లో ఒక హమాము ఉంది. పనుల మీద హైదరాబాదు వెళ్ళినప్పుడు రెండుసార్లు చూశాను. హమాముల్లో నిప్పు గోడకు అవతల ఉండేది, మనిషి ఉన్న గదిలోకి వేడినీళ్ళే కాలువల వెంట వచ్చేవి. నేను ఆరోజు సత్యనారాయణపురంలో చేసింది అంతకంటే కొత్తదేమీ కాదు.

సాయంత్రం పైపు దారి కొలిచాను. సందు నుంచి కుళాయి దాకా నాలుగు మీటర్లు. అరంగుళం పైపులో నాలుగు మీటర్లకు పట్టే నీళ్ళు అర లీటరు. ఆ అమ్మాయి చెంబు పట్టుకుని కుళాయి తిప్పింది. ముఖం ఇంకా పాలిపోయే ఉంది. చెంబు నిండక ముందే నీళ్ళు గోరువెచ్చనయ్యాయి, నిండేసరికి కాలాయి. "ఇంతేనా అంకుల్?" అంది. ఇంతేనమ్మా అన్నాను. ఆ చెంబు తీసుకెళ్ళి నీళ్ళు పెరట్లో జామమొక్క మొదట్లో పోసింది.