మీటరు మీద మా పేరు లేదు

చరిత్ర అంటే కోటల పేర్లు, రాజుల పేర్లు అని మాకు బడిలో చెప్పారు. గద్వాల అనగానే సంస్థానం కోట గుర్తుకొస్తుంది. వనపర్తి అనగానే ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తున్న రాజావారి ప్యాలెస్ గుర్తుకొస్తుంది. ఈ రెండు ఊళ్లలోనూ, పక్కనున్న నాగర్‌కర్నూల్‌లోనూ కిరాయి ఇళ్లలో బతుకులు వెళ్లదీసినవాళ్ల చరిత్ర మాత్రం ఎవరూ రాయలేదు. రాయడానికి కాగితం లేదు. ఇల్లు ఇవ్వడం నోటిమాట. కిరాయి పెంచడం నోటిమాట. ఖాళీ చెయ్యమనడం నోటిమాట. నెలనెలా తప్పకుండా ఇంటికొచ్చే కాగితం ఒక్కటే, అది కరెంటు బిల్లు. కాల్చిన యూనిట్లు మావి. కట్టిన పైసలు మావి. దాని మీద పేరు మాత్రం ఓనరుది. ఒక్కోసారి ఎప్పుడో కాలం చేసిన ఓనరు తండ్రిది.

ఇది చిన్న విషయమని కొందరు మిత్రులు అంటారు. మతోన్మాదం గురించి, అణచివేత గురించి మాట్లాడాల్సిన చోట ఈ మీటరు గొడవేమిటని అడుగుతారు. ఎవరి పేరు ఎక్కడ రాసి ఉంది, ఎవరి పేరు ఎక్కడ రాయకుండా వదిలేశారు అని అడగడంతోనే కదా అస్తిత్వ చర్చ మొదలయ్యేది! మా పేరు లేని చోట్లలో మీటరు ఒకటి. అందుకే దాని సంగతి మాట్లాడుతున్నాం.

ముస్లింలు అనగానే నవాబులు, జాగీర్దార్లు అనే బొమ్మ ఒకటి తెలుగు సమాజం మనసులో పాతుకుపోయింది. పాలమూరు ముస్లింలలో ఎక్కువమంది ఏ జాగీరూ ఎరగరు. దూదేకినవాళ్లు, జట్కాలు తోలినవాళ్లు, గాజులమ్మినవాళ్లు, కుట్టుమిషను మీద బతికినవాళ్లు, కచేరీల్లో చిన్న నౌకర్లు చేసినవాళ్లు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం ఇండియన్ యూనియన్‌లో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దారుకు నష్టపరిహారం ముట్టింది. ఆయన దేవిడీ ముందు కాపలా కాసినవాడికి ఏమీ ముట్టలేదు. వాడు మూటముల్లె కట్టుకుని ఏదో ఒక బస్తీలో కిరాయిదారు అయ్యాడు.

ఆ రోజుల్లోనే భూమి విషయంలో ఒక మంచి పని జరిగింది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం సాగు చేసేవాడికి ‘రక్షిత కౌలుదారు’ అని పేరు పెట్టి, ఆ పేరును రిజిస్టర్లో ఎక్కించమంది. అమలు ఎంత కుంటినడక నడిచిందో తెలంగాణ పల్లెలకు తెలుసు. అయినా ఒక సూత్రం నిలబడింది. పట్టా ఎవరిదైనా, దున్నుతున్నవాడి పేరు సర్కారు కాగితంలో ఉండాలి.

ఇంటి కిరాయిదారుకు ఆపాటి సూత్రం కూడా దక్కలేదు. 1954లో హైదరాబాద్ రాష్ట్రానికి ఇళ్ల కిరాయి నియంత్రణ చట్టం వచ్చింది. ఆ తర్వాత 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం వచ్చింది. ఓనరు ఇష్టమొచ్చినట్టు వెళ్లగొట్టకూడదని, కిరాయిదారు అనుభవిస్తున్న సౌకర్యాలను సరైన కారణం లేకుండా తెంపకూడదని అది చెప్పింది. కోపం వస్తే ఫ్యూజు పీకడం, నల్లా బంద్ చేయడం తప్పేనన్నమాట. కానీ ఏ ఇంట్లో ఎవరు ఎన్నాళ్లుగా ఉంటున్నారో రాసిపెట్టే రిజిస్టరు మాత్రం రాలేదు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది. దాన్ని తప్పించుకోవడానికే దేశమంతటా పదకొండు నెలల అగ్రిమెంటు పుట్టింది. మా గల్లీల్లో ఆ పదకొండు నెలల కాగితం కూడా అరుదు. కిరాయి, రసీదు, దస్తావేజు, జమానతు, వాయిదా... ఇంటి తగాదాలో వాడే మాటలన్నీ ఉర్దూ నుంచి వచ్చినవే. మాటలు మావి. కాగితం మాది కాదు.

కరెంటు చట్టం మాత్రం మొదటినుంచీ కిరాయిదారును గుర్తించింది. బ్రిటిష్ ఇండియాలో 1910లో చేసిన విద్యుత్ చట్టమే ఇంటి యజమాని గానీ, ఆ ఇంట్లో ఉంటున్నవాడు గానీ సరఫరా అడగవచ్చని రాసింది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడింది. 2000లో పంపిణీ పని కంపెనీల చేతికి పోయింది. 2003లో కొత్త విద్యుత్ చట్టం వచ్చింది. దాని 43వ సెక్షన్‌లోనూ అదే మాట ఉంది. యజమాని లేదా ఉంటున్నవాడు, ఎవరడిగినా కరెంటు ఇవ్వాలి. 2022 మే నెలలో దిలీప్, సతీష్‌ల కేసులో సుప్రీంకోర్టు ఇంకా తేటగా చెప్పింది. కరెంటు కనీస అవసరం. అభ్యంతరం లేదని ఓనరు రాసివ్వలేదనే సాకుతో కిరాయిదారుకు కాదనకూడదు. అడిగినవాడు ఆ ఇంట్లో ఉంటున్నాడా లేడా అన్నదే చూడాలి.

అంటే నూరేళ్లకు పైగా చట్టం పుస్తకంలో కిరాయిదారుకు చోటుంది. బిల్లులో లేదు. ఎందుకు లేదు? అడగలేదు గనుక. ఎందుకు అడగలేదు? ఇల్లు దొరకడమే గగనం గనుక.

‘టు లెట్’ బోర్డు చూసి తలుపు కొడితే మొదటి ప్రశ్న “మీరేమిట్లు?” అని. పేరు చెప్పగానే ఆ ఇల్లు నిన్ననే ఎవరికో ఇచ్చేసి ఉంటారు. కాస్త మర్యాద తెలిసినవాళ్లు, “భాయ్, నువ్వు మంచోనివే గానీ మా ఇంట్లోళ్లు ఒప్పుకుంటలేరు” అంటారు. దళితులకు ఈ తలుపులు ఇంతకంటే గట్టిగా మూసుకుంటాయి. 2016 అక్టోబర్ 11న ఈ మూడు ఊళ్లూ జిల్లా కేంద్రాలయ్యాయి. గద్వాలవాళ్లు కొట్లాడి జిల్లా తెచ్చుకున్నారు. కలెక్టరేట్లు వచ్చాయి. వాటి వెంట ఉద్యోగులు వచ్చారు. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో, 2024లో గద్వాలలో మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఊరు పెరిగితే మాకూ సంతోషమే. కానీ ఇల్లు అడిగేవాళ్లు పెరిగిన చోట ఓనరు ఏరుకుంటాడు. ఏరుకునే చోట మా పేర్లు కిందికి పోతాయి. ఎట్లాగో దొరికిన ఇంట్లో కూర్చుని “మీటరు నా పేరు మీద పెట్టించండి” అని ఎవరడుగుతారు? అడిగితే వచ్చే నెల ఇంకో ఇల్లు వెతుక్కోవాలి కదా అని నోరు మూసుకుంటారు.

ఈ మౌనానికి ధర ఎంతో లెక్క వేసి చూద్దాం. ఒక ఇంట్లో మూడు వాటాలు, మూడు కుటుంబాలు, ఒకటే మీటరు అనుకుందాం. ఒక్కో కుటుంబం నెలకు 80 యూనిట్లు కాలుస్తుంది. తెలంగాణలో 2022లో వచ్చిన రేట్ల ప్రకారం, విడివిడి మీటర్లుంటే మొదటి 50 యూనిట్లకు 1 రూపాయి 95 పైసల చొప్పున, తర్వాతి 30కి 3 రూపాయల 10 పైసల చొప్పున, ఒక్కో ఇంటికి 190 రూపాయల 50 పైసలు. మూడిళ్లకు కలిపి 571 రూపాయల 50 పైసలు. అదే ఒక్క మీటరు మీద 240 యూనిట్లు తిరిగితే? 200 దాటింది గనుక మొదటి 200 యూనిట్లకే 5 రూపాయల 10 పైసల చొప్పున వేస్తారు. మిగిలిన 40కి 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,328 రూపాయలు. ఇతర చార్జీలు వేరే. అదే కరెంటు, అవే బల్బులు, అవే ఫ్యాన్లు, రెండింతలకు పైగా బిల్లు. ఇక ఓనరు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు తనకు తోచిన రేటు వసూలు చేస్తే దానికి రసీదు కూడా ఉండదు.

2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం వచ్చింది. తెల్ల రేషన్ కార్డు ఉండి, నెలకు 200 యూనిట్ల లోపు కాల్చే ఇంటికి బిల్లు సున్నా. కిరాయిదారులకు కూడా ఇది వర్తిస్తుందని సర్కారు చెప్పింది, మంచిదే. కానీ రేషన్ కార్డును మీటరు సర్వీసు నంబరుతో కలపాలి. ఇల్లు మారితే నంబరు మార్పించుకోవాలి. పైన చెప్పిన ఇంట్లో మీటరు ఒకటే. అది 240 తిరిగింది. ముగ్గురూ పేదలే, ముగ్గురివీ 80 యూనిట్లే, అయినా సున్నా బిల్లు ఒక్కరికీ రాదు. పేదల కోసం తెచ్చిన పథకం మీటరు దగ్గర ఆగిపోతుంది.

ఓనర్ల బాధ కూడా చెప్పాలి. చెప్పకపోతే న్యాయం కాదు. కిరాయిదారు మూడు నెలల బిల్లు ఎగ్గొట్టి రాత్రికి రాత్రి పోతే ఆ బకాయి మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్ల మెడకు చుట్టుకుంటుంది. ఇల్లు కొన్నవాడి మీద పాత ఓనరు బకాయి వేసే నిబంధనలు చెల్లుతాయని 2023 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ భయంతోనే ఓనరు అడ్వాన్సు ఎక్కువ అడుగుతాడు. ఈ భయానికి మందు కూడా అదే కాగితం. ఖాతా కిరాయిదారు పేరున ఉంటే బిల్లు బాధ్యతా అతనిదే, డిపాజిటూ అతనిదే. ఇంట్లో దిగిన రోజు రీడింగు, వదిలిన రోజు రీడింగు రాసుకుని ఇద్దరూ సంతకాలు పెడితే తగాదా ఉండదు. మేము బాధ్యత వద్దనడం లేదు. ఇన్నేళ్లుగా మోస్తున్న బాధ్యతకు మా పేరు పెట్టమంటున్నాం.

ఈ మాట మాలోని ఓనర్లకూ వర్తిస్తుంది. గల్ఫ్ పైసలతో మూడంతస్తులు కట్టి, కింద వాటాలో ఉన్న సాటి ముస్లిం దగ్గర సబ్‌మీటరు మీద లాభం తీసే హాజీసాబ్‌లు మాలో లేరా? మసీదు మడిగెల్లో ఏళ్లకేళ్లుగా దుకాణం పెట్టుకున్న చిన్నవాడికి రసీదు ఇవ్వని కమిటీలు లేవా? దీన్ ఒకటే అయినంత మాత్రాన ఓనరూ కిరాయిదారూ ఒకటి కారు. ఈ సంగతి దాచుకుంటే మా అస్తిత్వ చర్చ సగం అబద్ధమవుతుంది.

ఇక కాగితం సంగతి. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. ఎన్నార్సీ మాట మోగింది. ఆ చలికాలం మా ఇళ్లలో ట్రంకుపెట్టెలు దించి కాగితాలు వెతికారు. 2020 మార్చి 16న తెలంగాణ అసెంబ్లీ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. గుండె కొంత కుదుటపడింది. 2025 జూన్‌లో బీహార్‌లో ఓటరు జాబితాల ప్రత్యేక సవరణ మొదలైంది. కాగితాల్లేని పేదల గోడు మళ్లీ దేశమంతా విన్నది. కరెంటు బిల్లు పౌరసత్వానికి రుజువు కాదు, నిజమే. అది ఎక్కడ ఉంటున్నామో చెప్పే రుజువు. కొత్త ఓటరు నింపే ఆరో నంబరు ఫారంలో చిరునామా కింద నీళ్లు, కరెంటు, గ్యాస్ బిల్లు అడుగుతారు. కిరాయిదారైతే రిజిస్టరైన అద్దె పత్రం అడుగుతారు. బిల్లు ఓనరు పేరున ఉంది. అద్దె పత్రం అసలు లేదు. మరి ఇరవై ఏళ్లు ఒకే గల్లీలో ఉన్న మనిషి ఏది చూపాలి? మా ఇళ్లలో చాలామందిని ఆదుకున్నది గ్యాస్ బుక్కు. గ్యాస్ కనెక్షన్ మనిషి పేరున ఉంటుంది, ఇల్లు మారితే మనిషి వెంట వస్తుంది. మీటరు గోడను పట్టుకుని ఉండిపోతుంది.

ఈ జిల్లాల మనుషులకు ఇల్లు మారడం కొత్త కాదు. 1981లో శ్రీశైలం నీళ్లు అలంపురం, కొల్లాపురం తాలూకాల ఊళ్లను ముంచాయి. 2009 అక్టోబరు వరద అలంపురాన్ని, రాజోలిని ముంచింది. కరువు పాలమూరు లేబర్‌ను బొంబాయి దాకా తోలింది. ఎన్నిసార్లు కదిలితే అన్నిసార్లు చిరునామా తెగిపోయింది. చిత్రమేమిటంటే కరెంటు పుట్టేది ఇక్కడే. జూరాలలో 234 మెగావాట్లు, నాగర్‌కర్నూల్ జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 900 మెగావాట్లు. ఆ కృష్ణ ఒడ్డున కిరాయికి ఉన్నవాడి పేరు మాత్రం ఏ బిల్లులోనూ కనిపించదు.

మేము అడిగేది పెద్ద కోరిక కాదు. చట్టంలో ఉన్న ‘ఉంటున్నవాడు’ అనే మాటను కరెంటు ఆఫీసు బల్ల మీదికి తెండి. వాటాకొక మీటరు పెట్టండి. ఓనరు సంతకం పెట్టనంటే పూచీ కాగితం తీసుకుని ఖాతా ఇవ్వండి. ఓనరు పేరు అలాగే ఉంచి, పక్కన ఉంటున్నవాడి పేరు వేసినా మాకు అభ్యంతరం లేదు. సెక్యులర్ మిత్రులకు ఇంకొక మాట. సభల్లో మా పక్కన నిలబడుతున్నారు, సంతోషం. మీ ఇంట్లో ఒక వాటా ఖాళీ అయినప్పుడు “మీరేమిట్లు?” అని అడగకుండా తాళంచెవి ఇవ్వండి. నెల తిరిగేసరికి రసీదు రాసివ్వండి. దాని మీద మా పేరు, అచ్చుతప్పులు లేకుండా రాయండి.