గడప దాటని సంకేతం

స్మార్ట్ హోమ్‌కు అంతర్జాలం తప్పనిసరి అనుకోవడం ఇటీవలి అలవాటు. 1975లో స్కాట్లండులోని గ్లెన్‌రోథెస్ పట్టణంలో పీకో ఎలక్ట్రానిక్స్ వారు ఎక్స్-10 పద్ధతిని రూపొందించినప్పుడు ఇంట్లోని కరెంటు తీగయే వార్తాహరి! ప్రవాహపు అల సున్నాను దాటే క్షణాన 120 కిలోహెర్ట్జ్ సంకేతం సాగేది. ఇంటికొక అక్షరం, పరికరానికొక అంకె. 16 చొప్పున మొత్తం 256 చిరునామాలు. పొరుగువారిదీ అదే అక్షరమైతే వారి మీట మన దీపాన్ని ఆర్పడమూ కద్దు (ఆ తగవు గోడ దగ్గరే తీరేది లెండి).

రివాల్వ్ కథ వేరు. 2014లో నెస్ట్ ఆ సంస్థను కొన్నది. 2016 మే నెలలో సర్వరు ఆపగానే, 300 డాలర్ల పెట్టె మూగబోయింది. సొమ్ము గృహస్థుది, పెత్తనం సర్వరుది!

అప్పటికే, 2013లో, పౌలస్ స్కౌట్సెన్ హోమ్ అసిస్టెంట్‌ను ఆరంభించి ఉన్నారు. అది ఇంట్లోని చిన్న కంప్యూటరులోనే నడుస్తుంది. జిగ్‌బీ, జెడ్-వేవ్ పరికరాలతో గడప దాటకుండానే సంభాషిస్తుంది.